ఆమె కాదన్న సాయంత్రం నాకు కలిగినది భక్తేనా?

నాయనా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నా మనుమడి ఈడువాడివి కనుక నువ్వు అనే సంబోధిస్తాను, ఏమీ అనుకోవద్దు. నువ్వు రాసినదాన్ని నేను సరిగా గ్రహించానో లేదో తెలియడానికి ముందుగా దాన్ని క్లుప్తంగా చెబుతాను. కాకినాడలో ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నావు. గ్రంథాలయంలో ఎదురుబల్ల దగ్గర కూర్చునే అమ్మాయి మీద ఏడాదిన్నరగా మనసు పెట్టుకున్నావు. మొన్న శ్రావణమాసంలో ధైర్యం చేసి చెబితే, ఆమె కోప్పడకుండా, తనకు అటువంటి ఆలోచన లేదని స్పష్టంగా చెప్పింది. ఆ సాయంత్రం ఒంటరిగా ఉప్పాడ ఒడ్డుకు వెళ్లి కూర్చున్నావు. చీకటి పడే వేళకు, అలివి వల లాగుతున్న జాలర్లు, తట్టలు పట్టుకుని ఎదురుచూస్తున్న ఆడవాళ్లు, ఇసుకలో ముడుచుకుని పడుకున్న కుక్క, అందరూ నీవాళ్లే అనిపించి, దుఃఖమో ఆనందమో తెలియని స్థితిలో గంటసేపు ఏడ్చావు. అప్పటినుంచి తెల్లవారుజామునే మెలకువ వస్తోంది, గుడికి వెళ్లాలనిపిస్తోంది, తిండి మీదా చదువు మీదా ధ్యాస పోయింది, రెండు సబ్జెక్టులు మిగిలిపోయాయి. నువ్వు అడిగినవి మూడు: ఇది భక్తా, లేక ప్రేమ ఫలించని బాధా? ఆమే నాకు గురువని ఆమెతో చెప్పవచ్చునా? చదువు మాని ఆశ్రమంలో చేరవచ్చునా?

నేను గురువును కాను. ముప్ఫై నాలుగేళ్లు కళాశాలలో తెలుగు చెప్పి, పదవీ విరమణ తరువాత రాజమహేంద్రవరంలో శనివారాలు భాగవతం చెప్పుకుంటున్నవాణ్ణి. దశమ స్కంధం చెప్పే నెలల్లో, జనమంతా వెళ్లిపోయాక చెప్పులు వెతుక్కునే నెపంతో వెనకబడి, ఇంచుమించు నీ ప్రశ్ననే మరో రూపంలో అడిగే పిల్లలను చాలామందిని చూశాను. అంతకుముందు ఆ ప్రశ్నతో నేనూ కొంతకాలం బాధపడ్డాను. నాకున్న అర్హత అంతే.

భక్తా, బాధా అని నువ్వు రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టావు. మన పెద్దలు వాటిని అలా విడదీయలేదు. అలంకారశాస్త్రంలో మన్మథావస్థలు పది. చూపు నిలవడంతో మొదలై, మనసు తగులుకోవడం, తలపోత, నిద్రలేమి, చిక్కిపోవడం, దేనిమీదా రుచి లేకపోవడం, సిగ్గు విడవడం, ఉన్మాదం, మూర్ఛ, చివరికి మరణం వరకు వాటిని వరుసగా లెక్కించారు. ఇందులో నాలుగు, ఐదు, ఆరు అవస్థలను విడిగా తీసి, ఇవి ఎవరి లక్షణాలని అడిగితే విరహి లక్షణాలని చెప్పవచ్చు, వైరాగ్యం కలిగిన సాధకుడి లక్షణాలని కూడా చెప్పవచ్చు. నిద్ర పట్టకపోవడం, ఒళ్లు తగ్గడం, విషయాల మీద విముఖత కలగడం ఇద్దరికీ ఉంటాయి. అందుచేత నువ్వు రాసిన లక్షణాలను బట్టి ఎవరూ తీర్పు చెప్పలేరు. గుడికి వెళుతున్నావు కనుక భక్తి అనీ, అమ్మాయి కాదన్నది కనుక బాధ అనీ తేల్చేసేవాళ్లు నీకు దొరుకుతారు. ఆ ఇద్దరి మాటా పట్టించుకోకు.

ఉప్పాడలో జరిగినదాన్ని మాత్రం నేను తేలికగా తీసుకోను. మన గోదావరి డెల్టాలో కాలవ తూము మూసిన రోజు ఏమవుతుందో నీకు తెలుసు. నీరు ఆగదు, ఎగదన్ని, గట్టు పల్లంగా ఉన్న చోటల్లా పొర్లుతుంది. ఏడాదిన్నరపాటు ఒక్క మనిషి వైపే పారిన ఇష్టానికి ఆ రోజు తూము మూసుకుంది. ఆ నీరే జాలర్ల మీదికీ, కుక్క మీదికీ పొర్లింది. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు తన భార్య మైత్రేయితో, భర్త కోసం భర్త ప్రియుడు కావడం లేదు, ఆత్మ కోసమే ప్రియుడవుతున్నాడు అంటాడు. ఆ మాటకు స్వార్థం అనే అర్థం చెప్పి నవ్వేసేవాళ్లు ఉన్నారు. నాకు తోచినంతవరకు, ప్రియమైన ప్రతి వస్తువులోనూ మనల్ని లాగుతున్నది ఆ వస్తువు హద్దులకు లోబడి ఉండేది కాదని ఆయన అభిప్రాయం. నీకు ఆ సంగతి ఒక గంటసేపు కళ్లకు కట్టింది. అది భ్రమ కాదు. అయితే ఒక గంట కళ్లకు కట్టినంత మాత్రాన అది నీ సొత్తు కూడా కాలేదు.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పాలి. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, మా కోనసీమ ఊళ్లోని వేణుగోపాలస్వామి గుడిలో ధనుర్మాసం జరుగుతోంది. ముప్ఫై రోజులు, రోజుకొక తిరుప్పావై పాశురం. అర్చకస్వామి గారింటికి సెలవులకు వచ్చిన బంధువులమ్మాయి పాశురం ఎత్తుకునేది. నాకు అరవం ఒక్క ముక్క రాదు, వైష్ణవం మా ఇంటి సంప్రదాయమూ కాదు. ఆమె గొంతు కోసం నాలుగింటికి లేచి, చన్నీళ్లు పోసుకుని, మంచులో తడుస్తూ వెళ్లేవాణ్ణి. అర్థం తెలియకపోతే బాగుండదని అర్చకస్వామి గారిని అడిగి రోజూ ఆ పాశురం భావం చెప్పించుకునేవాణ్ణి. అందులోనూ ఆమె దగ్గర మాట రావాలన్న ఆశ ఉంది, దాచడం దేనికి? పంతొమ్మిదో రోజున గుడిలో ఆమె లేదు. సెలవులైపోయి వెళ్లిపోయిందన్నారు. మర్నాడు మళ్లీ నాలుగింటికే మెలకువ వచ్చింది. ఎవరి కోసం లేస్తున్నానో తెలియకుండానే లేచి, అలవాటుగా నడిచి వెళ్లాను. నన్ను చూసి స్వామి, "ఇవాళ రావనుకున్నానే!" అన్నారు. ఆయనకు మొదటి రోజునుంచీ తెలుసన్నమాట. సిగ్గుతో నేల చూపులు చూస్తుంటే, ఏమీ జరగనట్టు ఇరవయ్యో పాశురం అర్థం చెప్పడం మొదలుపెట్టారు. ఆ రోజు పొంగలి ఎప్పటికంటే ఎక్కువ పెట్టారు. భోగినాడు గోదా కల్యాణం దాకా ఒక్క రోజూ మానలేదు. ఆ పన్నెండు రోజుల్లో నాకు కలిగినది ఏమిటో ఇప్పటికీ పేరు పెట్టలేను. ఉదయం వెలుతురులో గుడి ముందు రావిచెట్టును చూస్తే కళ్లలో నీళ్లు తిరిగేవి. అందుకే నీ కుక్క సంగతి చదివి నవ్వలేదు.

ఆ పాశురాలు పాడిన గోదాదేవి కథే ఈ విషయంలో మనకు అందరికంటే దగ్గరిది. శ్రీవిల్లిపుత్తూరులో పెరియాళ్వారు పెంచిన బిడ్డ. స్వామికని తండ్రి కట్టిన మాలను ముందు తాను వేసుకుని, బావి నీళ్లలో నీడ చూసుకుని, మళ్లీ బుట్టలో పెట్టేది. శ్రీకృష్ణదేవరాయలు తెలుగులో ఆమె కథ రాసినప్పుడు, ముడిచి విడిచిన మాలను ఇచ్చినది అన్న అర్థంలోనే ఆముక్తమాల్యద అని పేరు పెట్టాడు. ఆమెకు తొలివలపూ, దైవమూ వేరువేరు కావు. మనకు అలా కుదరదు. మనిషి మీద కలిగిన వలపులోనుంచి దైవాన్ని వెతుక్కోవలసినవాళ్లం. కాని ఆ పిల్ల చేసిన పనిలో ఒక సంగతి గమనించు. తనకు నచ్చిందని మాల తన దగ్గర ఉంచుకోలేదు. వేసుకున్నది, చూసుకున్నది, ఇచ్చేసింది.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్నకు కొలతబద్ద ఉన్నదా అంటే, ఉన్నది. నారద భక్తిసూత్రాలు ఎనభై నాలుగింటిలో భక్తిని పరమప్రేమ స్వరూపమని చెప్పి, దానికి ఉదాహరణగా వ్రజ గోపికలను చూపి, వెంటనే ఆ ప్రేమకూ కామానికీ భేదం ఎక్కడ ఉన్నదో నారదుడు ఒక్క మాటలో తేలుస్తాడు. కామంలో తత్సుఖసుఖిత్వం లేదు అంటాడు. ఎదుటివారి సుఖమే తన సుఖం కావడం అని దానికి అర్థం. ఎంత ఏడ్చావు, ఎన్ని గుళ్లు తిరిగావు, ఒళ్లు ఎంత గగుర్పొడిచింది అన్నవాటి ప్రసక్తి ఆ సూత్రంలో లేదు. నీ ఉత్తరంలో నన్ను ఆపివేసిన వాక్యం ఒకటి ఉన్నది. ఆ తరువాత ఆమె గ్రంథాలయానికి రావడం తగ్గించిందని రాసి, వెంటనే నీ అనుభవంలోకి వెళ్లిపోయావు. నీ ఉత్తరం నాలుగు పుటలు. అందులో ఆమె గురించి, ఆమె ఇప్పుడు ఎలా ఉన్నదన్నదాని గురించి ఆ ఒక్క వాక్యమే ఉంది. అక్కడ నువ్వు ఆగి ఉంటే నీ ప్రశ్నకు సగం జవాబు నీకే దొరికేది.

దీన్ని నిందగా తీసుకోవద్దు. గోపికలకే ఇది తప్పలేదు. రాసక్రీడ మొదట్లో, తమంతటి భాగ్యవతులు లేరని వాళ్లకు గర్వం కలిగిన క్షణానే కృష్ణుడు మాయమయ్యాడని భాగవతం చెబుతుంది. అప్పుడు వాళ్లు మల్లెపొదలను, మొల్లలను, మద్దిచెట్లను పట్టుకుని, చూశారా అని అడుగుతూ తిరిగిన ఘట్టాన్ని పోతనగారు ఎంత అందంగా తెనిగించారో మన ప్రాంతంలో చదువు రానివాళ్లకు కూడా తెలుసు. నేను ఆ పద్యాలు చెప్పేటప్పుడు సభలో ఒకరిద్దరైనా కళ్లు తుడుచుకుంటారు. కాని వాళ్లు మాయమైనవాడి కోసం ఏడుస్తున్నారని అందరూ గమనిస్తారు గాని, ఆయన ఎందుకు మాయమయ్యాడో ఎవరూ గుర్తుపెట్టుకోరు. తమ అనుభవాన్ని చూసి తామే మురిసిపోయారు, అందుకు. ఇరవై ఏళ్లకు మనసు మేలుకోవడంలో ఉన్న పెద్ద చిక్కు కూడా ఇదే. హాస్టలులో తక్కినవాళ్లంతా నిద్రపోతున్నట్టూ, తానొక్కడే లేచినట్టూ అనిపిస్తుంది.

బెంగాలు వైష్ణవ గురువు చైతన్య మహాప్రభువు దక్షిణ దేశయాత్రలో, ఇంచుమించు 1510 ప్రాంతంలో, గోదావరి ఒడ్డున రామానంద రాయలను కలుసుకున్నాడు. ఒడిశా గజపతుల పక్షాన రాజమహేంద్రవరాన్ని ఏలుతున్న అధికారి ఆయన. మనిషి సాధించవలసినదేమిటో చెప్పమని చైతన్యుడు అడిగితే రామానందుడు ఒక్కొక్కటే చెప్పడం, ఇది పైపైది, ముందుకు చెప్పు అని చైతన్యుడు మొదట్లో పదేపదే అనడం, ఆ సంభాషణ చివరికి కాంతాప్రేమ, అంటే ప్రియుడి మీద ప్రియురాలికి ఉండే ప్రేమ, దాకా సాగడం చైతన్యుడి గౌడీయ సంప్రదాయంలో ప్రసిద్ధం. కొవ్వూరు వైపు రేవులో కూర్చున్నప్పుడల్లా నాకు అదే గుర్తుకు వస్తుంది. నీ అనుభవాన్ని కొట్టిపారెయ్యమని నేను అనడం లేదు. దానితో నువ్వు కూడా ఆ మాటే అను. ఇది పైపైది, ముందుకు చెప్పు అని అడుగు.

రెండో ప్రశ్నకు నా సమాధానం వద్దు అని. నీ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. బిల్వమంగళుడి కథ విన్నావు. తండ్రి తద్దినంనాటి రాత్రి, వరద నదిని శవాన్ని పట్టుకుని దాటి, పామును తాడనుకుని గోడ ఎక్కి, తాను మోహించిన వేశ్య చింతామణి ఇంటికి చేరితే, ఇందులో కొంత కృష్ణుడి మీద పెట్టి ఉంటే తరించేవాడివి కదా అని ఆమె మందలించింది. ఆ మాటతో కృష్ణభక్తుడై, కృష్ణకర్ణామృతం చెప్పిన లీలాశుకుడయ్యాడు. ఆ కావ్యం మొదటి శ్లోకంలో, గురువు సోమగిరి పేరుకంటే ముందే చింతామణికి జయం పలికాడు. చింతామణి అన్నది ఆమె పేరు కాదు, గురువుకు విశేషణమే అనే వ్యాఖ్యాతలూ ఉన్నారు. కథను నమ్మేవాళ్లకు మాత్రం ఆమెకు దక్కవలసిన గౌరవం ఆ శ్లోకంలో దక్కింది. (మన కథలన్నిటిలోనూ ఒక నది ఎందుకు పొంగుతుందో నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. కూచిపూడి నాట్యానికి ఆద్యుడైన సిద్ధేంద్రయోగీ, కృష్ణలీలాతరంగిణి రాసిన నారాయణతీర్థులూ కూడా అత్తవారింటికి వెళుతూ ఏటిలో చిక్కుకుని, ప్రాణం మీదికి వచ్చి, ఆతుర సన్న్యాసం తీసుకున్నారనే చెబుతారు.)

అయితే ఒక భేదం ఉన్నది. చింతామణి తానై నోరు తెరిచి ఉపదేశం చేసింది. నీ సహాధ్యాయిని నీకు ఉపదేశం చెయ్యలేదు. తనకు ఇష్టం లేదని చెప్పింది, అంతే. ఆ మాటను నువ్వు మహావాక్యంగా మార్చుకుని, మళ్లీ తీసుకువెళ్లి ఆమెకే సమర్పిస్తే, వద్దన్న మాటను ఆమె రెండోసారి చెప్పవలసి వస్తుంది. నిన్ను ప్రేమిస్తున్నాను అన్నవాడికి కాదని చెప్పడం ఒక ఎత్తు, నువ్వు నా గురువువు అన్నవాడికి చెప్పడం మరొక ఎత్తు. రెండోవాడికి ఏం చెప్పాలో ఏ ఆడపిల్లకు తెలుస్తుంది?

ఇది నేను పుస్తకాలు చూసి చెబుతున్న మాట కాదు. ఆ ధనుర్మాసం అయిన ఐదు నెలలకు, నా మనసు ఎంత నిర్మలమైపోయిందో ఆమెకు తెలియాలని, చిరునామా సంపాదించి ఎనిమిది పుటల ఉత్తరం రాశాను. నీనుంచి నాకేమీ అక్కరలేదు, నువ్వు నాకు దారి చూపిన దేవతవు అని రాశాను. అందులో అబద్ధం లేదు. ఉత్తరం వాళ్ల నాన్నగారి చేతికి చిక్కింది. నాకేమీ అక్కరలేదన్న వాక్యం ఆయనకు కనిపించలేదు, మగపిల్లవాడి దస్తూరీలో ఎనిమిది పుటలు కనిపించాయి. ఆమెను ఆ ఏడు కాలేజీకి పంపలేదని తరువాత అర్చకస్వామి గారు చెప్పారు. నన్ను ఆయన ఒక్క మాట అనలేదు. ఆ మౌనం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నా మనసు మేలుకోవడానికి అయిన ఖర్చు ఆమె భరించింది. ఈ రోజుల్లో ఉత్తరం కాకపోతే వాట్సాప్ సందేశం, తండ్రి కాకపోతే స్క్రీన్‌షాట్ తీసే స్నేహితులు. మిగతాదంతా అదే.

కూచిపూడిలో ఒక ఆచారం చెబుతారు. భాగవతుల కుటుంబాలలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి నియమం పెట్టాడట. జడ వేసుకుని, లేఖ రాసి, ఎదురుచూసి, అలిగి, కుమిలి, ఒక ఆడమనిషి స్థానంలో నిలబడి విరహాన్ని అనుభవించాలి. వేదాంతం సత్యనారాయణశర్మ గారు ఆ వేషంలో నడిచి వస్తుంటే మగవాడన్న సంగతి మరిచిపోయేవాళ్లమని చూసినవాళ్లందరూ అంటారు. జీవాత్మ పరమాత్మల తత్త్వం అందులో ఎంత ఉన్నా, నాకు ఆ నియమంలోని లోకజ్ఞానం ఎక్కువ నచ్చుతుంది. నీకు వేషం కట్టే అవకాశం లేదు కనుక, ఒక సాయంత్రం కూర్చుని ఆ ఏడాదిన్నరనూ ఆమె బల్ల వైపునుంచి ఊహించి చూడు. తలెత్తినప్పుడల్లా ఎదురుగా ఒక కుర్రవాడు చూస్తున్నాడు. చదువుకోవడానికి వచ్చిన చోటు అది.

మూడో ప్రశ్నకు ఎక్కువ అక్కరలేదు. సంప్రదాయం తెలిసిన మఠం ఏదీ అడిగిన వెంటనే కాషాయం చేతిలో పెట్టదు. ఏళ్ల తరబడి పని చేయించి, గమనించి, అప్పుడు ఆలోచిస్తుంది. అడిగిన వెంటనే చేర్చుకునే చోటు కనిపిస్తే అక్కడినుంచి బయటపడు. ఆతుర సన్న్యాసమన్నది ప్రాణాపాయంలో ఉన్నవాడికి చెప్పింది, పరీక్ష తప్పినవాడికి కాదు. పైగా సిద్ధేంద్రుడు ఒడ్డుకు చేరాక గుహలో కూర్చోలేదు. పిల్లలను పోగుచేసి ఆట నేర్పాడని కదా చెబుతారు.

పది అవస్థలలో చివరివి ఏమిటో పైన రాశాను. అవి కావ్యంలో వర్ణనకు మాత్రమే పనికివస్తాయి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి తోచినా, దాన్ని వైరాగ్యమని పిలిచి మోసపోవద్దు. మానసిక వైద్యుణ్ణి చూడు. టెలిమానస్ అని ప్రభుత్వం నడిపే సహాయకేంద్రం ఉన్నది, 14416 నంబరుకు ఏ వేళనైనా చెయ్యవచ్చు, తెలుగులో మాట్లాడతారు. వైద్యుడి దగ్గరికి వెళితే భక్తి పోతుందని భయపడేవాళ్లను చూశాను. మాత్ర వేసుకుంటే పోయే భక్తి పోవడమే మంచిది. మీ అమ్మగారికి కూడా చెప్పు. ఆశ్రమం సంగతి వద్దు, తిండి సహించడం లేదన్న సంగతి చెప్పు చాలు.

తెల్లవారుజామున మెలకువ వస్తున్నదన్నావు, దాన్ని పోగొట్టుకోకు. గుడికి వెళ్లు, అరగంట కూర్చో, వచ్చి మిగిలిన రెండు సబ్జెక్టులలో ఒకటి తెరువు. ధనుర్మాసం ఇంకా మూడు నెలలున్నది. నీ హాస్టలుకు దగ్గరలో పాశురాలు చెప్పే కోవెల ఉంటే కనుక్కుని పెట్టుకో.

ఈలోగా చెయ్యవలసిన పని ఒకటి ఉన్నది, అది రేపే చెయ్యవచ్చు. గ్రంథాలయంలో నీ చోటు మార్చుకో. పై అంతస్తు ఉంటే అక్కడికి వెళ్లు, లేకపోతే ఆమె వచ్చే వేళ కాని వేళకు వెళ్లు. మార్చుకున్నానని ఆమెతో చెప్పవద్దు, ఆమె స్నేహితురాళ్లతో చెప్పించవద్దు. పరీక్షలు కార్తికంలో అన్నావు కదా, అవి అయ్యాక నాకు మళ్లీ ఉత్తరం రాయి. అందులో ఉప్పాడ సంగతి రాయకపోయినా ఫరవాలేదు. ఆమె గ్రంథాలయానికి మళ్లీ మామూలుగా వస్తున్నదేమో, నీకు దూరంనుంచి తెలిసినంతవరకు, అది రాయి.